సింగపూర్‌లో ఒక్క రోజు: విశాఖ విద్యార్థి బృందాలు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం నుంచి సింగపూర్ వెళ్లే కాలేజీ బృందాలకు క్యాంపస్ సందర్శనలు, కంపెనీ సందర్శనలు పోగా ఊరు చూడడానికి మిగిలేది చాలాసార్లు ఒక్క రోజే. ఆ రోజు గురించి విద్యార్థులు, తల్లిదండ్రులు, వెంట వెళ్లే లెక్చరర్లు అడిగే ప్రశ్నలకు జవాబులివి. 30 మంది విద్యార్థులు, ముగ్గురు లెక్చరర్లు అన్న లెక్కతో రాశాం.

ఒక్క రోజులో ఎన్ని చోట్లు చూడగలం?

నాలుగు: లిటిల్ ఇండియా, సుల్తాన్ మసీదు ఉన్న పేట కంపోంగ్ గ్లామ్, చైనాటౌన్, మరీనా బే. ఈ నాలుగే ఎందుకంటే, నాలుగూ మెట్రోలో ఒకే లైన్ మీద ఉన్నాయి. మ్యాపులో నీలం రంగులో ఉండే డౌన్‌టౌన్ లైన్ అది. లిటిల్ ఇండియాలో ఎక్కితే రెండో స్టేషన్ బుగిస్, కంపోంగ్ గ్లామ్‌కి అక్కడే దిగాలి. బుగిస్ నుంచి ఐదో స్టేషన్ చైనాటౌన్. అక్కడి నుంచి వెనక్కి మూడు స్టేషన్లు వస్తే బేఫ్రంట్, అంటే మరీనా బే. లైన్ మారే పని లేదు. 33 మందితో లైన్ మారడమంటే ప్రతిసారీ పావుగంట పోయినట్టే.

సెంటోసా, యూనివర్సల్ స్టూడియోస్ ఎందుకు పెట్టలేదు? పిల్లలు అవే అడుగుతున్నారు.

సెంటోసా విడిగా ఉన్న వినోదాల దీవి, యూనివర్సల్ స్టూడియోస్ అందులోని థీమ్ పార్కు. వాటికి విడిగా ఒక పూర్తి రోజు కావాలి. ఉదయం లిటిల్ ఇండియా, మధ్యాహ్నం సెంటోసా అని పెట్టుకుంటే రెండూ సగం సగమే అవుతాయి. ఊరు చిన్నదే. భీమిలి నుంచి అనకాపల్లికి ఉన్నంత దూరం కూడా ఉండదు సింగపూర్ ఈ కొస నుంచి ఆ కొసకి. కానీ చిన్న ఊరు కదా అని ఎనిమిది చోట్లు రాసుకున్న బృందానికి సాయంత్రానికి ఫోన్లో ఫొటోలు తప్ప ఏమీ మిగలవు. రెండో రోజు దొరికితే సెంటోసా వెళ్లండి. ఒక్క రోజే అయితే మాత్రం మనుషులు బతికే వీధుల్లో నడవండి, మా మాట ఇదే.

గంటల వారీగా ఎలా వేసుకోవాలి?

8:00 లిటిల్ ఇండియాలో టిఫిన్. 9:00 గుడులు. 10:30 వీధుల్లో నడక, తర్వాత ఇండియన్ హెరిటేజ్ సెంటర్. 12:30 భోజనం. 2:00 కంపోంగ్ గ్లామ్, సుల్తాన్ మసీదు. 3:30 చైనాటౌన్. 5:30 టీ, కాస్త కూర్చోవడం. 6:00 మరీనా బే ఒడ్డున మెర్లయన్ విగ్రహం. 7:45 గార్డెన్స్ బై ది బేలో దీపాల ప్రదర్శన.

ఈ వరస తిప్పకండి. గుడులు మధ్యాహ్నం 12 ప్రాంతంలో మూసి మళ్లీ సాయంత్రమే తీస్తారు. మసీదులోకి సందర్శకులను ఉదయం 10 నుంచి 12 వరకు, మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు పంపిస్తారు. చైనాటౌన్‌లోని బౌద్ధ ఆలయం సాయంత్రం 5 ప్రాంతానికి మూసేస్తారు. ఒక్కటి అటూ ఇటూ అయితే మిగతావన్నీ తలుపులు మూసే వేళకి చేరతాం. ఇంకో మాట: సోమవారం హెరిటేజ్ సెంటర్‌కి సెలవు, శుక్రవారం మసీదు చూడడం కుదరదు. కాబట్టి ఈ రోజును మంగళ, బుధ, గురువారాల్లో పెట్టుకోండి. చైనీస్ కొత్త సంవత్సరం రోజుల్లో తినే దుకాణాలు చాలా మూసి ఉంటాయి. ఆ వారం వదిలేయండి.

ఇక్కడి అలవాటుతో ఐదున్నరకే లేచి బయటికి వస్తే చీకటే ఎదురవుతుంది. అక్కడ ఏడాది పొడుగునా తెల్లవారేది ఇంచుమించు ఏడింటికే, పొద్దుగూకేదీ ఏడింటికే. గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు.

వీసా విషయంలో ఎక్కువగా పొరపాటు ఎక్కడ జరుగుతుంది?

పేర్ల దగ్గర. మన వాళ్లలో కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. కొందరిది పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరాలతో, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కాలేజీ జాబితా చూసి టికెట్లు బుక్ చేస్తే ఇక్కడే దెబ్బ తింటాం. 33 పాస్‌పోర్టుల మొదటి పేజీలు స్కాన్ చేసి, వాటిలో ఉన్నది ఉన్నట్టు అక్షరం అక్షరం చూసి టికెట్, వీసా ఫారం, ఇన్సూరెన్స్ నింపండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ల పేరు టికెట్ మీద ఎలా రాయాలో ఎయిర్‌లైన్‌ని ముందే అడిగి, అందరికీ అదే పద్ధతి పాటించండి.

మిగతావి తేలికే. భారతీయులకు వీసా తప్పనిసరి. దరఖాస్తు అధీకృత ఏజెంట్ల ద్వారా వెళ్తుంది, ప్రయాణానికి 30 రోజుల లోపే తీసుకుంటారు. అక్కడ దిగేటప్పటికి పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఫొటో తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో 35×45 మిల్లీమీటర్లు. 18 నిండని వాళ్లుంటే తల్లిదండ్రుల సమ్మతి పత్రం ఇంగ్లిష్‌లో రాయించి లెక్చరర్ దగ్గర ఉంచండి.

అరైవల్ కార్డు అంటే ఏమిటి? దానికి డబ్బు కట్టాలా?

కట్టక్కర్లేదు. వీసా ఉన్నా సరే, ప్రతి ఒక్కరూ ఎస్‌జీ అరైవల్ కార్డును ఆన్‌లైన్‌లో నింపాలి. దిగే రోజుతో కలిపి మూడు రోజుల ముందు నుంచే అది తెరుచుకుంటుంది. సింగపూర్ ఇమిగ్రేషన్ వాళ్ల సొంత సైటులో, యాప్‌లో ఉచితం. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే కొన్ని సైట్లు ఇదే పనికి డబ్బు అడుగుతాయి, వాటి జోలికి పోవద్దు. ఈమెయిల్ గడిలో ఎవరిది వాళ్లు రాసుకోవాలి. ఎందుకంటే ఇప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు. ఎన్ని రోజులు ఉండొచ్చో చెప్పే ఈ-పాస్ ఆ మెయిల్‌కే వస్తుంది. అందరికీ కలిపి ఒకే మెయిల్ ఇచ్చేస్తే ఎవరి పాస్ ఏదో వెతుక్కోవాలి.

ఇంటి నుంచి తినేవి పంపొచ్చా?

జంతికలు, చెక్కలు, పులిహోర పొడి, ఆవకాయ పంపొచ్చు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. మాంసం మన దేశం నుంచి తీసుకెళ్లడానికి లేదు.

అమ్మలందరూ తప్పక చూసుకోవాల్సింది గసగసాలు. మన వంటింట్లో అదొక మామూలు దినుసు, అక్కడ మాత్రం నిషిద్ధ వస్తువు. గసగసాల గింజల్లో మార్ఫిన్ ఆనవాళ్లుంటాయి కాబట్టి మాదకద్రవ్యాల శాఖ దాన్ని నిషేధించింది. విడిగా ఎవరూ పెట్టరు గానీ, ఇంట్లో దంచిన గరం మసాలాలో, కూర పొడిలో కలిసి వెళ్తుంది. ఏం కలిపారో తెలియని పొడి ఏదైనా ఇంట్లోనే ఉంచేయండి.

చూయింగ్ గమ్, గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్ కూడా అంతే. ఈ-సిగరెట్ బ్యాగులో ఉన్నా నేరమే, తాగనక్కర్లేదు. కొడీన్ ఉన్న దగ్గు మందులకు, నిద్ర మాత్రలకు ముందుగా అనుమతి తీసుకోవాలి. రోజూ వేసుకునే మిగతా మందులకు డాక్టర్ చీటీ జత చేయండి. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి. స్కూట్ విమానంలో దానితో ఫోన్ ఛార్జ్ చేసుకోనివ్వరు కూడా.

ఎంత డబ్బు, ఏ రూపంలో?

ఆ ఒక్క రోజుకి ఖర్చు మూడింటి మీదే ఉంటుంది: తిండి, రైలు, టికెట్ ఉన్న చోట్లు. మనం వేసుకున్న దారిలో గుడులు, మసీదు, మెర్లయన్, దీపాల ప్రదర్శన ఉచితం. హెరిటేజ్ సెంటర్‌కి టికెట్ ఉంటుంది.

హాకర్ సెంటర్లలో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట్లలో, కొందరు నోట్లే అడుగుతారు కాబట్టి ఒక్కొక్కరి దగ్గర 2, 5, 10 డాలర్ల చిల్లర నోట్లు ఉండాలి. యూపీఐ మీద ఆధారపడకండి. రెస్టారెంట్ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే, దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జీ, 9 శాతం పన్ను పడతాయని అర్థం. హాకర్ సెంటర్లో సర్వీస్ ఛార్జీ ఉండదు, బోర్డు మీద రాసిందే ధర.

బయలుదేరే ముందు బ్యాంకు యాప్‌లో రెండు మీటలు ఆన్ చేసుకోవాలి: ఒకటి విదేశీ లావాదేవీలు, రెండోది కాంటాక్ట్‌లెస్, అంటే కార్డు తాకించి చెల్లించడం. మొదటిది ఆన్ చేసి రెండోది మర్చిపోతే కార్డు దుకాణంలో పనిచేస్తుంది, రైలు గేటు దగ్గర పనిచేయదు.

30 మందికీ కలిపి ఒకేసారి రైలు టికెట్ తీయొచ్చా?

కుదరదు. ఒక మనిషి, ఒక కార్డు. లోపలికి వెళ్లేటప్పుడు తాకించిన కార్డునే బయటికి వచ్చేటప్పుడూ తాకించాలి. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు. పర్సులోనే ఉంచి తాకిస్తే ఏ కార్డు నుంచి పోయిందో తెలియదు, దిగేటప్పుడు గేటు వేరే కార్డును చదివితే ఛార్జీ తప్పుగా పడుతుంది. కార్డు చేతిలోకి తీసుకునే తాకించండి. బ్యాంకు కార్డు లేనివాళ్లకు స్టేషన్‌లో ఈజీ-లింక్ కార్డు కొని డబ్బు వేయించండి. ఈ పని మొదటి రోజే చేయించుకోవాలి, ఊరు చూసే రోజు ఉదయం క్యూలో నిలబడి కాదు.

రైల్లో ఎవరైనా తప్పిపోతే?

తప్పిపోతారు అనుకునే బయలుదేరాలి. ప్లాట్‌ఫాం మీద గాజు తలుపులు గంట మోగగానే మూసుకుంటాయి, ఎవరి కోసమూ ఆగవు. సగం మంది లోపల, సగం బయట మిగులుతారు. చేయి అడ్డం పెట్టడం, పరుగెత్తి దూరడం చేయనివ్వకండి.

నియమం ఒక్కటే, అందరి చేతా ఉదయం ఒకసారి పైకి చెప్పించండి: లోపల ఉన్నవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫాం మీదే ఉండాలి, బయట ఉన్నవాళ్లు తర్వాతి రైలు ఎక్కాలి. వెనక్కి ఎవరూ రాకూడదు. ఇరువైపులా వెతుక్కుంటూ బయలుదేరితే ఇద్దరూ దారిలో ఎదురు రైళ్లలో దాటిపోతారు.

30 మందిని ఆరుగురు చొప్పున ఐదు జట్లు చేయండి. ప్రతి జట్టుకీ ఒక లీడర్. లెక్క పెట్టాల్సింది లెక్చరర్ కాదు, జట్టు లీడర్ ఆరుగురిని చూసుకుని ‘ఆరు’ అని చెబితే చాలు. 30 తలలు లెక్కపెట్టేలోపు ఇద్దరు కదిలిపోతారు. కలుసుకునే చోటు చెప్పేటప్పుడు స్టేషన్ పేరు ఒక్కటే చెబితే చాలదు, ఎగ్జిట్ అక్షరం కూడా చెప్పాలి. చైనాటౌన్‌లో ఎగ్జిట్ ఎ నుంచి బయటికి వస్తే నేరుగా పగోడా స్ట్రీట్. గార్డెన్స్‌కి బేఫ్రంట్‌లో ఎగ్జిట్ బి. వేరే అక్షరం దగ్గర పైకి వస్తే రోడ్డు అవతల తేలతారు.

లిటిల్ ఇండియా మనకెందుకు? ఇక్కడ లేనిదా?

ఈ ప్రశ్న ప్రతి బృందంలోనూ వస్తుంది. ఇడ్లీ తినడానికి సింగపూర్ దాకా వెళ్లక్కర్లేదు, నిజమే. వెళ్లాల్సింది పేర్లు చదవడానికి. స్టేషన్ పక్కనే బఫెలో రోడ్ ఉంది. ఆ దగ్గర్లోనే కెర్బావ్ రోడ్. మలయ్ భాషలో కెర్బావ్ అన్నా గేదే. ఒకప్పుడు అక్కడ పశువుల వ్యాపారం జరిగేది, దాని చుట్టూ మనవాళ్లు స్థిరపడ్డారు. ఆ కెర్బావ్ రోడ్డులోనే ఒక్కో తలుపుకీ కిటికీకీ ఒక్కో రంగు వేసిన టాన్ టెంగ్ నియా ఇల్లు ఉంది. 1900లో కట్టిన చైనా వ్యాపారి ఇల్లు అది. భారతీయుల పేట మధ్యలో చైనా ఇల్లు ఎందుకుందో పిల్లల్నే ఆలోచించమనండి.

సెరంగూన్ రోడ్డులో శ్రీ శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. 1855 నాటిది. మొదట్లో దాని పేరు నరసింహ పెరుమాళ్ కోవెల. సింహాద్రి అప్పన్న కొండ కింద పెరిగిన పిల్లలకు ఇది చెప్పి తీసుకెళ్లండి, గుడిలో అడుగుపెట్టే తీరే మారుతుంది. ఆ దేశం పేరు సింగపుర, అంటే సింహపురం. సింహాచలంలో ఉన్న సింహమే ఆ పేరులోనూ ఉంది.

అదే రోడ్డు మీద శ్రీ వీరమాకాళియమ్మన్ గుడి. జపాన్ విమానాలు బాంబులు వేసినప్పుడు చుట్టుపక్కల జనం ఈ గుడిలో తలదాచుకున్నారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. రెండు నెలలైనా తిరక్కుండా, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ మీదా బాంబులు వేశాయి. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఆనాటి బాంబు ఒకటి ఉంది. వెళ్లే ముందు వారం పిల్లలకు దాన్ని చూపించండి. అక్కడ కాళీ గుడి ముందు నిలబడినప్పుడు చెప్పాల్సింది సగం తగ్గిపోతుంది.

మసీదులోకి ఎలా వెళ్లాలి? ఏం చూడాలి?

చేతులు, కాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. పొట్టి బట్టలతో వచ్చినవాళ్లకు పైన కప్పుకునే అంగీ గుమ్మం దగ్గర ఇస్తారు. చెప్పులు బయటే విప్పాలి. ప్రార్థన జరిగే చోటికి వెళ్లకూడదు, గీత దగ్గరే ఆగిపోవాలి.

బయటి నుంచి చూసేదే ఎక్కువ. బంగారు రంగు గుమ్మటం మొదలయ్యే చోట నల్లటి పట్టీ ఒకటి చుట్టూ కనిపిస్తుంది. దూరం నుంచి అది రంగు గీతలా ఉంటుంది. ఫోన్ కెమెరాలో దగ్గరికి లాగి చూస్తే అవి వరసగా పేర్చిన గాజు సీసాల అడుగులు. ఇప్పుడున్న మసీదు 1932లో పూర్తయింది. అప్పుడు డబ్బు ఇవ్వలేని పేద ముస్లింలు సీసాలు పోగుచేసి ఇచ్చారు, కట్టడంలో తమ వంతు కూడా ఉండాలని. పసిడి గుమ్మటం ఆ సీసాల మీదే కూర్చుని ఉంది. ఈ ఒక్కదాని కోసం పది నిమిషాలు నిలబెట్టండి.

చైనాటౌన్‌లో గుడి మూసి ఉంటుందని అంటున్నారు?

శ్రీ మారియమ్మన్ గుడి మధ్యాహ్నం మూసే ఉంటుంది. అయినా వెళ్లాలి. 1827లో మొదలైన ఆ గుడి సింగపూర్‌లో అన్నింటికంటే పాత హిందూ ఆలయం, గోపురం వీధిలోంచే బాగా కనిపిస్తుంది. పక్క వీధికి పగోడా స్ట్రీట్ అన్న పేరు చైనా పగోడా వల్ల రాలేదు, ఈ గోపురం వల్లే వచ్చింది. ఈ గుడి ఉన్న సౌత్ బ్రిడ్జ్ రోడ్డులోనే నాలుగడుగులు వేస్తే తమిళ ముస్లింల జామే మసీదు, ఇంకో వైపు 2007లో తెరిచిన బౌద్ధ దంత ధాతు ఆలయం. మూడూ నడిచే దూరంలో, చైనా వాళ్ల పేట మధ్యలో. ఆ పేటను చైనా భాషలోనూ మలయ్‌లోనూ పిలిచే పాత పేరుకి అర్థం ‘ఎడ్లబండి నీళ్లు’. కుళాయిలు రాకముందు బళ్ల మీద నీళ్లు తెచ్చుకునేవాళ్లు.

శాకాహారులు ఏం తినాలి?

ఉదయం, మధ్యాహ్నం లిటిల్ ఇండియాలోనే కానిచ్చేస్తే ఇబ్బంది లేదు. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ అక్కడే ఉంది. 30 మంది ఒకేసారి వెళ్తే చోటు దొరకదు కాబట్టి జట్లను పావుగంట తేడాతో పంపండి.

మిగతా చోట్ల ‘కూరగాయలే కదా’ అని తినేయకండి. కూరగాయల వేపుడులో ఆయిస్టర్ (ఆల్చిప్పల) సాస్ ఉంటుంది, సంబల్ పచ్చడిలో రొయ్యల ముద్ద ఉంటుంది, లక్సా పులుసులో ఎండు రొయ్యలుంటాయి. ముక్క కనిపించదు గానీ నీచు ఉంటుంది. మరోవైపు, బౌద్ధుల శాకాహార దుకాణంలో అచ్చం మాంసంలా కనిపించేది సోయాతోనో గోధుమతోనో చేసింది అయ్యుంటుంది. బీఫ్ తిననివాళ్లు గుర్తుంచుకోవాల్సింది, హలాల్ బోర్డు ఉంటే పంది మాంసం ఉండదు, బీఫ్ ఉండొచ్చు.

టీ అడిగేటప్పుడు ‘తే’ అంటే డబ్బా పాలతో తియ్యగా వస్తుంది. ‘తే ఓ’ అంటే పాలు లేకుండా చక్కెరతో. చివర ‘కోసోంగ్’ చేరిస్తే చక్కెర ఉండదు.

బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఒక్కటే ఉండి మనిషి లేకపోతే ఆ చోటు ఎవరిదో అని అర్థం. అది పక్కన పెట్టి కూర్చోకూడదు. తిన్నాక ట్రే, గిన్నెలు తీసుకెళ్లి అరలో పెట్టాలి, ఇది మర్యాద మాత్రమే కాదు, నిబంధన. ఈ హాకర్ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

జరిమానాలు నిజంగా వేస్తారా?

వేస్తారు. రైల్లో తిన్నా తాగినా 500 డాలర్ల వరకు. మనవాళ్లు పట్టుబడేది మంచినీళ్ల దగ్గర: సీసా మూత తీసి ఒక గుక్క తాగినా తాగినట్టే. స్టేషన్ గేటు దాటకముందే తాగించండి. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. డ్యూరియన్ పండుతో రైలెక్కనివ్వరు. రోడ్డు జీబ్రా గీతల దగ్గరే దాటాలి.

మా పిల్లలు మెర్లయన్ దగ్గర థింసా వేస్తామంటున్నారు. వేయొచ్చా?

అనుమతి లేకుండా వద్దు. బహిరంగ ప్రదేశంలో ప్రదర్శనకు లైసెన్సు కావాలి. బ్యానర్, జెండా పట్టుకుని బారులు తీరి నడవడం, నినాదాలివ్వడం కూడా చేయకండి. థింసాని మీరు సందర్శించే కాలేజీ హాల్లో పెట్టుకోండి, వాళ్లు సంతోషంగా ఏర్పాటు చేస్తారు. బహుమతిగా ఏటికొప్పాక బొమ్మలు పట్టుకెళ్లండి. అంకుడు కర్ర, లక్క, సహజ రంగులతో చేసినవి, తేలిక, పగలవు.

ఏ బట్టలు, ఏ చెప్పులు?

ఎండ, ఉక్క మన విశాఖలాగే. మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పడుతుంది, మడత గొడుగు ఒక్కొక్కరికీ ఉండాలి. నూలు ప్యాంటు, భుజాలు కప్పే చొక్కా వేసుకుంటే గుడికీ మసీదుకీ సరిపోతుంది. వాడిన షూ వేసుకోండి, కొత్తవి బొబ్బలెక్కిస్తాయి. చెప్పులు నాలుగైదు సార్లు విప్పాలి కాబట్టి లేసులు లేనివైతే మేలు. గుడి ముంగిట రాళ్లు పది దాటాక కాలుతాయి, సాక్సులు ఉంచుకోండి. ఫోన్ ఛార్జర్‌కి మూడు పలక కాళ్ల అడాప్టర్ కావాలి.

అత్యవసరమైతే?

పోలీసు 999, అంబులెన్సు 995. భారత హైకమిషన్ గ్రేంజ్ రోడ్డులో ఉంది. వైద్యం అక్కడ చాలా ఖరీదు, ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా ఎవరినీ తీసుకెళ్లొద్దు.

సాయంత్రం మెర్లయన్ నుంచి గార్డెన్స్‌కి నడవాలా, రైలెక్కాలా?

చైనాటౌన్ నుంచి రెండు స్టేషన్లు వచ్చి డౌన్‌టౌన్‌లో దిగితే మెర్లయన్ పావుగంట నడక. సింహం తల, చేప ఒళ్లు, 8.6 మీటర్ల ఎత్తు, 1972లో పెట్టిన ఆ విగ్రహం నోట్లోంచి నీళ్లు చిమ్ముతుంది. ఫొటోలకు అరగంట చాలు. అక్కడి నుంచి నీటి ఒడ్డునే చుట్టి హీలిక్స్ వంతెన మీదుగా నడిస్తే బృందానికి ముప్పావుగంట పడుతుంది. 6:45కి కదిలితే అందుకుంటారు. కాళ్లు నొప్పులన్నవాళ్లను ఒక లెక్చరర్‌తో రైల్లో పంపండి, డౌన్‌టౌన్ నుంచి ఒక్కటే స్టేషన్.

దీపాల ప్రదర్శన 7:45కి, మళ్లీ 8:45కి. దీపాలు వెలిగేది చెట్ల ఆకారంలో 25 నుంచి 50 మీటర్ల ఎత్తున కట్టిన ఉక్కు కట్టడాల మీద. ఆ ఉక్కు చెట్ల కింద నేల మీద పడుకుని చూడడమే మంచి పద్ధతి. ప్రదర్శన అయిపోగానే జనమంతా ఒకేసారి బేఫ్రంట్ వైపు కదులుతారు. అప్పుడు కదలకండి. పావుగంట అక్కడే కూర్చోబెట్టి, ఐదు జట్ల లీడర్లు ఐదుసార్లు ‘ఆరు’ అన్నాకే లేవండి.